రేగడినేలలో వాకిటి కాంక్రీటు బాట

వేసవికాలమున మెట్టపొలములకు పోయినవారు నల్లరేగడి నేల నెఱ్ఱెలు విచ్చియుండుట చూచియే యుందురు. ఆ నెఱ్ఱెలో పొడవైన కఱ్ఱను దింపినచో మూరెడు లోతువఱకు అడ్డులేక దిగును. తొలకరి వానలు కురిసిన పిమ్మట ఆ చేనికే పోయి చూచినచో నెఱ్ఱె కానరాదు. నేల ఉబ్బి, మెత్తబడి, కాళ్లకు చెప్పులవలె అంటుకొనును. పైరునకు ఈ గుణము మేలే చేయును. పత్తికిని, మిరపకును, శనగకును రేగడి తల్లివంటిది. కాని అదే నేలపై ఇల్లు కట్టి, గేటు మొదలుకొని పోర్టికో వఱకు మోటారుబండి వచ్చుటకై సిమెంటు కాంక్రీటు బాట పోయించుకొన్న గృహస్థునకు ఈ గుణమే పగయగుచున్నది.

గుంటూరు, పల్నాడు, ప్రకాశము, కర్నూలు, నంద్యాల జిల్లాలలో నల్లనేలపై వెలసిన వీధులలో నడచినవారికి ఈ సంగతి క్రొత్త గాదు. బాట పోసిన రెండు మూడేండ్లకే నడుమ నిలువునా పగులును. ఒక పలక లేచును, ఒక పలక క్రుంగును. వానాకాలమున గేటు తలుపు బాటకు తగిలి తెఱువరాకుండును. ముసలివారు ఆ యెగుడుదిగుడు అంచులకు తట్టుకొని పడుదురు. అంతట గృహస్థుడు మేస్త్రిని నిందించును. మేస్త్రి సిమెంటును నిందించును. సిమెంటు నమ్మినవాడు ఇసుకను నిందించును. కడపట పాత కాంక్రీటును పగులగొట్టించి, అదేచోట, అదేవిధముగ, మఱికొంత మందముతో క్రొత్తది పోయింతురు. అదియు పగులును. చిన్న జీతముతో సంసారము నడుపుకొనువాడు పిల్లల చదువునకై దాచిన సొమ్మును ఇట్లు రెండుమార్లు మంటిపాలు చేసికొనుట చూడ మాకు మిక్కిలి విచారముగ నున్నది. కావున ఈ వ్యాసమున ఒక్క సంగతిని స్పష్టపఱచ దలంచితిమి: ఇట్టి బాట పైనుండి చెడుట అరుదు, క్రిందినుండి చెడుట మెండు. నేలను, నీటిని సరిదిద్దక కాంక్రీటును మాత్రము మార్చుట వ్యర్థము.

నేల యేల ఉబ్బును?

రేగడిలో మాంటుమోరిల్లొనైటు అను ఒకజాతి బంకమన్ను విస్తారముగ నుండును. దాని కణములు కంటికి కానరానంత పలుచని రేకులు. మన వ్రాతపుస్తకపు కాగితములవలె అవి యొకదానిపై నొకటి పేర్చబడియుండును. నీరు తగిలినప్పుడు అది రేకుల నడుమ జొరబడి వానిని ఎడముచేయును. ఒక్కొక్క రేకు జరుగునది అత్యల్పమైనను, కోట్లకొలది రేకులు కూడినప్పుడు నేలయే పైకి లేచును. ఎండ కాసినప్పుడు ఆ నీరు పోయి రేకులు మరల దగ్గఱకు వచ్చును. నేల ముడుచుకొని నెఱ్ఱెలు విచ్చును. మన నల్లనేలలలో కొన్ని దక్కను పీఠభూమిపై పూర్వము అగ్నిపర్వతద్రవము పేరుకొని ఏర్పడిన బసాల్టు ఱాయి శిథిలమగుటవలనను, మఱికొన్ని నదులు కొనివచ్చి పఱచిన ఒండ్రువలనను కలిగినవి. పుట్టుక వేఱైనను ఉబ్బు గుణము ఒక్కటియే.

ఇచ్చట ఒక చిన్న లెక్క వేసి చూతము. ఒక ఘనపు మీటరు కాంక్రీటు సుమారు 2,400 కిలోలు తూగును. 125 మిల్లీమీటర్ల, అనగా అయిదంగుళముల మందముగల బాటలో ఒక చదరపు మీటరు భాగము 300 కిలోలు మాత్రమే తూగును. ఉబ్బుచున్న రేగడిని పైకి లేవనీయక అణచిపట్టుటకు చదరపు మీటరునకు అనేక టన్నుల బరువు కావలసియుండును. అట్టి బలము ముందర 300 కిలోల పలక ఏపాటిది? బండి చక్రముల బరువునకు బాట పగిలెనని పలువురు తలంతురు. బండి నిలిచినది కొన్ని గంటలు. నేల ఎత్తుట, దించుట మాత్రము ఏడాది పొడుగునను జరుగుచునే యుండును.

ఇల్లు పగులక బాట మాత్రమే పగులుటకు కారణము కూడ ఇందే కలదు. ఇంటి గోడల బరువు మిక్కిలి; పునాది లోతైనది. రేగడినేలలకై రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థవారు పరిశోధించి ప్రచారము చేసిన పునాదిస్తంభములు పలుచోట్ల వాడుకలో నున్నవి. అవి సుమారు మూడున్నర మీటర్ల లోతునకు దిగి, అడుగున ఉల్లిగడ్డవలె ఉబ్బెత్తుగ నుండును. అంత లోతున ఎండయు వానయు నేల తేమను అంతగా మార్పజాలవు. కావున ఇల్లు కదలక నిలుచును. బాటయో, కదలుచున్న పైనేలమీదనే పఱుండియున్నది. కదలని దానిని కదలుదానితో గట్టిగ అతికించినచో రెంటి నడుమ పగులు తప్పదు.

మఱియొక విశేషము. బాట క్రింది నేలకు వానయు ఎండయు నేరుగ తగులవు. బాట యంచుల ప్రక్కనున్న నేలకు తగులును. వానాకాలమున అంచులు ముందుగ తడిసి లేచును, నడుము లేవదు. వేసవిలో అంచులు ముందుగ ఎండి క్రుంగును. నడుము మాత్రము మూపురమువలె నిలిచియుండును. పలుచని పలక ఈ రెండు దిక్కుల వంపులకు తాళలేక నిలువునా పగులుచున్నది. దీనినిబట్టి నేల తడియుటయే శత్రువు కాదనియు, నేల తేమ మాటిమాటికి మారుటయే శత్రువనియు విద్యార్థులు గ్రహింపవలయును.

మట్టిని పరీక్షించు విధము

తమ పెరటిమన్ను ఉబ్బునదో కాదో తెలిసికొనుటకు పాఠశాల ప్రయోగశాలలోనే చేయదగిన పరీక్ష యొకటి కలదు. ఇంజనీర్లును దీనినే చేయుదురు. మట్టిని బాగుగ ఎండబెట్టి, పొడిచేసి, సన్నని జల్లెడతో జల్లింపవలయును. 100 మిల్లీలీటర్ల గుర్తులుగల గాజు కొలపాత్రలు రెండు తీసికొని, ఒక్కొక్కదానిలో 10 గ్రాముల మట్టి వేయవలయును. ఒకదానిని బట్టిపట్టిన నీటితోను, రెండవదానిని కిరసనాయిలుతోను నింపి, గాలిబుడగలు పోవునట్లు మెల్లగ కలిపి, 24 గంటలు కదలింపక ఉంచవలయును. కిరసనాయిలు మట్టిరేకుల నడుమ జొరబడదు గనుక అందలి మట్టి ఉబ్బదు, నీటిలోనిది ఉబ్బును. కిరసనాయిలులో మట్టి 10 గుర్తులవఱకును, నీటిలో 18 గుర్తులవఱకును నిలిచెననుకొందము. హెచ్చు 8, అనగా నూటికి 80 పాళ్లు. ఈ సంఖ్య 50కి లోపైనచో అపాయము స్వల్పము. 100 మించినచో ఆ నేల తీవ్రముగ ఉబ్బునదని యెఱుంగవలయును. కిరసనాయిలు దగ్గఱ దీపముగాని నిప్పుగాని ఉండరాదు; ఉపాధ్యాయుని సమక్షముననే ఈ ప్రయోగము చేయవలయును.

పగుళ్లను చదువుట

పాత బాటను పగులగొట్టుటకు ముందు దాని పగుళ్లను చదువవలయును. వైద్యుడు నాడి చూడక మందీయడు గదా. పైతలమున సాలెగూడువలె అల్లుకొన్న సన్నని గీతలు కనబడినచో, పోసిన దినమున ఎండకును గాలికిని పై పొర త్వరగ ఆఱినదని అర్థము. ఆ బాట మార్పనవసరము లేదు. అడ్డముగ, ఇంచుమించు సమానమైన దూరములలో పగిలి, రెండు వైపులు ఒకే మట్టముననున్నచో, కాంక్రీటు ఆఱి ముడుచుకొనునప్పుడు దానికి తగిన కీళ్లు విడువలేదని అర్థము. ఆ పగుళ్లను తారుజాతి పూతతో నింపిన చాలును. నిలువునా పగిలి ఒకవైపు ఎత్తుగ నున్నచో అది నేల చేసిన పని. ఇంటిగోడ చెంత మాత్రమే క్రుంగినచో, పునాది త్రవ్వి పూడ్చిన మన్ను దిమ్మిసతో సరిగ కొట్టబడలేదనియో, క్రింద నీటిగొట్టము కాఱుచున్నదనియో అనుమానింపవలయును. కాఱుచున్న గొట్టమును బాగుచేయక బాటను మార్చినవాడు చిల్లుకుండకు రంగువేసినవానితో సమానుడు.

పగులు ఇంకను కదలుచున్నదో, నిలిచిపోయినదో తెలియుటకు సులభోపాయము కలదు. పగులు మీద అడ్డముగ పలుచని గాజుముక్కను రెండు చివరల సిమెంటుతో అతికించి, ప్రక్కన తేదీ వ్రాయవలయును. పగులు కదలినచో గాజు విఱుగును. దానితోపాటు మే నెలలో ఒకసారియు, అక్టోబరులో ఒకసారియు పగులు వెడల్పును కొలిచి వ్రాసి యుంచినచో, ఏ ఋతువున తెఱచుకొని ఏ ఋతువున మూసికొనుచున్నదో తెలియును. ఇంటనున్న బాలుడో బాలికయో చేయదగిన పని యిది. ఒక సంవత్సరపు ఓపిక వేల రూపాయల నష్టమును తప్పింపగలదు.

పనికి తగిన కాలము

పరీక్షించిన పిమ్మట బాటను మార్చుట అవసరమని తేలినచో, కాలమును నిర్ణయించుకొనవలయును. మన తీరమునకు జూన్ మొదలు సెప్టెంబరు వఱకు నైరుతి ఋతుపవనములును, అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు ఈశాన్య ఋతుపవనములును వాన తెచ్చును. ఆ మాసములలో త్రవ్వినచో గొయ్యి నీటిమడుగగును. ఏప్రిల్, మే మాసములు పల్నాటిలో మిక్కిలి తీవ్రమైనవి. రెంటచింతల ఎండల సంగతి వార్తాపత్రికలలో అందఱును చదువుచున్నదే. అప్పుడు నేల ఎముకవలె ఎండి పూర్తిగా ముడుచుకొని యుండును. దానిపై బాట పోసినచో మొదటి వానకే నేల ఉబ్బి బాటను ఎత్తును. వానలలో నేల పూర్తిగా ఉబ్బినప్పుడు పోసినచో వేసవిలో అది బాట క్రిందినుండి జాఱుకొని బోలు మిగులును. కావున తేమ నడిమిస్థితిలో నుండు జనవరి, ఫిబ్రవరి మాసములు ఉత్తమములు. కాంక్రీటునకును ఆ చల్లని దినములే హితములు.

నేలను సిద్ధపఱచుట

ఉదాహరణమునకు 10 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పుగల బాటను తీసికొందము. పాత కాంక్రీటును పగులగొట్టి తీసివేయవలయును. ఆ పెల్లలను చెఱువులోనో, మురుగుకాలువలోనో పాఱవేయరాదు. చిన్నవిగ కొట్టినచో పల్లపు స్థలములను పూడ్చుటకు పనికివచ్చును. తఱువాత రేగడిని అర మీటరువఱకైనను త్రవ్వి తీసివేయుట మంచిది. ఆ గొయ్యిలో ఏమి నింపవలయుననుటయే ఈ పనికంతటికి కీలకము.

పలువురు అచ్చట ఇసుక నింపుదురు. ఇది పెద్ద పొరపాటు. బంకమట్టి గొయ్యిలో నింపిన ఇసుక తొట్టిలో పోసిన ఇసుకవంటిది. వాననీరు ఇసుకలోనికి సులభముగ దిగును. బంకమట్టి దానిని బయటికి పోనీయదు. అడుగునున్న రేగడి ఆ నిలువనీటిని త్రాగి ఉబ్బుచునే యుండును. ఇసుకకు బదులు ఉబ్బని ఎఱ్ఱగరుసును 150 మిల్లీమీటర్ల పొరలుగ పఱచి, కొంచెము తడిపి, ఒక్కొక్క పొరను చిన్న రోలరుతోగాని దిమ్మిసతోగాని గట్టిపఱుపవలయును. గరుసులో కొద్దిపాటి ఉబ్బని బంక యుండుటవలన అది ఒకటిగ అతుకుకొని, నీటిని త్వరగ దిగనీయదు. బొంబాయి ఐ.ఐ.టి. ఆచార్యులు ఆర్.కె. కట్టిగారు 1970 ప్రాంతములలో ఈ విషయమున పరిశోధనలు చేసి, అతుకు గుణము కలిగి ఉబ్బు గుణము లేని మట్టిపొరను రేగడిపై తగిన మందమున పఱచినచో క్రిందినేల ఉబ్బు ఎంతయో అణగునని చూపిరి. కాలువలకును పెద్ద కట్టడములకును ఆ పొర సుమారు ఒక మీటరు మందమున వాడుదురు. ఇంటి బాటకు అంత సాధ్యము కాకున్నను, ఉన్నంతలో గరుసు మందమును హెచ్చించుటయే కాంక్రీటు మందమును హెచ్చించుటకంటె మేలు.

గొయ్యి అడుగునందలి రేగడికి సున్నము కలుపుట రెండవ యుపాయము. పల్నాటిలోని పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు ప్రసిద్ధి గదా. వ్యాధి యున్నచోటనే మందును ఉన్నదని చెప్పనగును. తడిపి పొడిచేసిన సున్నమును మట్టి బరువులో నూటికి నాలుగు పాళ్ల ప్రకారము కలిపినచో, సున్నమునందలి కాల్షియము మట్టిరేకులను పట్టి ఉంచి నీటిని తేలికగ జొరబడనీయదు. మట్టి జిగట తగ్గి పొడిపొడిగ నగును. మన ఉదాహరణమున 30 చదరపు మీటర్ల అడుగును 150 మిల్లీమీటర్ల లోతున కలుపవలయుననిన సుమారు 250 కిలోల సున్నము పట్టును. కలిపిన మట్టిని తడిపి ఒక దినము ఊరనిచ్చి, మరల కలియబెట్టి, అటుపిమ్మట గట్టిపఱుపవలయును. సున్నము కన్నులలో పడిన చూపునకే ప్రమాదము, చర్మమును తినివేయును. పనివారికి చేతితొడుగులు, కంటి అద్దములు ఇయ్యవలయును. పిల్లలను దగ్గఱకు రానీయరాదు.

గరుసుపై 100 మిల్లీమీటర్ల కంకరపొర వేసి రోలరు త్రిప్పి, దానిపై పలుచని ప్లాస్టిక్ పఱచవలయును. కాంక్రీటులోని నీటిని క్రిందిపొర పీల్చుకొనకుండుటకును, పలక ముడుచుకొనునప్పుడు క్రిందిపొరపై సులభముగ జాఱుటకును అది యుపకరించును. బాట పైమట్టము ఇంటినుండి దూరముగ వాలుచు, 50 పాళ్లకు ఒక పాలు చొప్పున దిగవలయును. అనగా 10 మీటర్లకు 200 మిల్లీమీటర్లు. ఈ వాలును కంటితోగాక రసమట్టముతోనో, నీళ్లగొట్టముతోనో చూచుకొనవలయును. వాలిన నీరు పొరుగువారి గోడకు పోకుండ వీధికాలువకు పోవు తోవను ముందుగనే ఏర్పఱుపవలయును.

కాంక్రీటు పోత

ఒక పాలు సిమెంటు, ఒకటిన్నర పాళ్లు ఇసుక, మూడు పాళ్లు కంకర కలిపిన మిశ్రమము ఇంటి బాటకు సామాన్యముగ చాలును. మన ఉదాహరణమున 30 చదరపు మీటర్లకు 125 మిల్లీమీటర్ల మందమున 3.75 ఘనపు మీటర్ల కాంక్రీటు కావలయును. ఘనపు మీటరునకు 8 బస్తాల చొప్పున 30 బస్తాల సిమెంటు పట్టును. నీటిని మాత్రము మిక్కిలి జాగ్రత్తగ కొలువవలయును. 50 కిలోల బస్తాకు 30 లీటర్లు మించరాదు. 25 లీటర్లతో పని జరిగిన ఇంకను మంచిది. ఇసుకలోని తడిని కూడ ఇందులోనే లెక్కింపవలయును. పాఱతో తేలికగ లాగుటకై పనివారు మిల్లరులో మఱొక బక్కెట్టు నీరు పోయుదురు. సిమెంటు గట్టిపడుటకు అక్కఱలేని ఆ నీరు తరువాత ఆవిరియై పోయి, తన స్థానమున సన్నని రంధ్రములను విడిచిపోవును. బలము తగ్గును, ముడుచుకొనుట హెచ్చును. ఒక బక్కెట్టు నీటితో ఒక బస్తా సిమెంటు మేలును పోగొట్టుకొనుట మనము చేయరాని వ్యాపారము.

ఇనుప చువ్వల విషయమున ఒక భ్రమ కలదు. చువ్వలు వేసిన పగుళ్లు రావని పలువురి నమ్మకము. చువ్వలు నేల ఉబ్బును ఆపవు. వచ్చిన పగులును విచ్చుకొననీయక బిగించి పట్టును. ఆ పని చేయుటకైన అవి పలకలో పైభాగమున, సిమెంటు బిళ్లలపై నిలుపబడియుండవలయును. గరుసుమీద పఱచి, దానిపై కాంక్రీటు కుమ్మరించినచో ఆ చువ్వలు నేలపాలైన ధనమే.

పలకకును ఇంటిగోడకును నడుమ, పలకకును గేటు స్తంభములకును నడుమ అరంగుళపు ఎడము విడిచి, మెత్తని పలకతో నింపి, పైన తారుజాతి పూత పూయవలయును. ఇల్లు నిలుచును, బాట కొంచెము కదలును. రెండును ఒకదాని నొకటి బాధింపకుండుటకే యీ ఎడము. అదిగాక 10 మీటర్ల కాంక్రీటు 40 డిగ్రీల వేడి భేదమునకు సుమారు 4 మిల్లీమీటర్లు పొడవు మాఱును. చలికాలపు వేకువకును వేసవి మధ్యాహ్నమునకును ఎండలోని కాంక్రీటునకు అంత భేదము కలుగవచ్చును. అందుచేత బాటను ఒక్క పలకగ నుండనీయక కీళ్లు కోయవలయును. మందమునకు 24 రెట్లు మించని దూరము సురక్షితము. 125 మిల్లీమీటర్లకు 3 మీటర్లు. మన బాటను రెండున్నర మీటర్ల చొప్పున నాలుగు పలకలుగ చేసినచో చక్కగ నుండును. కోత లోతు మందములో నాలుగవ పాలైనను ఉండవలయును. పోసిన దినముననే, అంచులు రాలనంత గట్టిపడగనే కోయవలయును. మఱునాటికి వాయిదా వేసినచో కాంక్రీటు తన కీలును తానే, తన కిష్టమైన చోట చేసికొనును.

తడుపుట

సిమెంటు ఎండుటచేత గట్టిపడదు. నీటితో కలిసి మార్పు చెందుటచేత గట్టిపడును. కావున పోసిన తరువాత తడి ఆఱనీయరాదు. మామూలు సిమెంటునకు 7 దినములు, ఎండ తీవ్రముగ నున్నచో 10 దినములు, బూడిదగాని ఉక్కుకర్మాగారపు కిట్టముగాని కలిపిన సిమెంటునకు 14 దినములు తడుపుట మంచిది. సామాన్యముగ మన మేస్త్రులు మట్టిగట్లు కట్టి పలకపై నీరు నిలుపుదురు. ఇతర నేలలలో అది మంచి పద్ధతియే. రేగడిలో మాత్రము ఆ నీరు అంచులనుండి పొర్లి క్రిందినేలకు దిగి, మనము పడిన కష్టమును చెఱచును. తడిపిన గోనెపట్టాలు కప్పి, వానిపై ప్లాస్టిక్ పఱచి, ఆఱినప్పుడెల్ల చిలుకరించుట ఇచ్చట ఉచితము. వారము దినములకు కాంక్రీటు తన 28 దినముల బలములో ఇంచుమించు మూడింట రెండు పాళ్లు పొందును. బండిని మాత్రము రెండు వారములు గడచువఱకు ఎక్కింపకుండుట వివేకము.

ఇతర నేలలు, ఇతర దేశములు

ఇంతవఱకు చెప్పినది రేగడికి. తెలంగాణపు చెలకలును అనంతపురపు ఎఱ్ఱనేలలును సాధారణముగ అంతగా ఉబ్బవు. అచ్చట పైమన్ను తీసి, 100 మిల్లీమీటర్ల గరుసు గట్టిపఱచి పోసినను చాలును. సముద్రతీరపు ఇసుకనేలలో ఉబ్బు లేదు గాని, వాననీటికి అంచుల క్రింది ఇసుక కొట్టుకొనిపోవును. కావున ఇరుప్రక్కల గట్టి అంచుకట్టు వలయును. ఉప్పుగాలికి చువ్వలు త్రుప్పుపట్టి, త్రుప్పు లావై, కాంక్రీటును పగులదీయును. అచ్చట చువ్వలు లేకుండ పోయుటయో, వానిపై కాంక్రీటు మందము హెచ్చించుటయో మంచిది. ఉప్పునీటితో కాంక్రీటు కలుపరాదు.

మన పిల్లలలో కొందఱి అన్నలును అక్కలును అమెరికాలో నున్నారు. ఆ దేశపు పుస్తకములను, చిత్రములను చూచి వారివలె బాటలు పోయింపదలంచువారును కలరు. టెక్సాసులో డల్లాసు ప్రాంతపు నల్లబంక మన రేగడికి దాయాదియే. అచ్చటి తెలుగువారికి ఈ వ్యాసములోని సంగతులు పెక్కు పనికివచ్చును. కాని షికాగోవంటి శీతలప్రదేశములలో శత్రువు వేఱు. నీరు గడ్డకట్టునప్పుడు నూటికి సుమారు 9 పాళ్లు పెరిగి కాంక్రీటును లోపలినుండి పగులదీయును. అందుచేత వారు కాంక్రీటులో సూక్ష్మమైన గాలిబుడగలు పుట్టించు మందు కలుపుదురు. మంచు పడని మన సీమలో ఆ ఖర్చు అనవసరము. పరదేశపు విద్యను నేర్వవలసినదే. దానిని మన నేలపై పరీక్షించిన పిమ్మటనే అనుసరింపవలయును.

కాంక్రీటే వలయునా?

బాటను మార్చు తఱి ఈ ప్రశ్నను కూడ వేసికొనవలయును. గట్టిపఱచిన గరుసుపై, పలుచని ఇసుకపొర పఱచి, 60 మిల్లీమీటర్ల మందముగల సిమెంటు బిళ్లలను అంచుకట్టుల నడుమ బిగించి పఱచినచో, నేల కొంచెము కదలినను బిళ్లలు పగులవు. ఒకచోట క్రుంగినచో అంతవఱకు బిళ్లలు లేపి, గరుసు సరిచేసి, అవే బిళ్లలను మరల పఱుపవచ్చును. ధనము తక్కువైనవారు మూడు మీటర్ల వెడల్పంతయు పోయక, చక్రములు నడచుచోట మాత్రము ముప్పాతిక మీటరు వెడల్పుగల రెండు పట్టెలు పోసికొని, నడుమ గరుసు వేసికొన్నచో కాంక్రీటు సగమునకు తగ్గును. ఎఱ్ఱనేలలోనైన బిళ్లల సందులనుండి వాననీరు భూమిలోనికి ఇంకుట మేలే. రేగడిలో ఇంటి చెంత అట్లు ఇంకనీయక, నీటిని పునాదికి దూరముగ నున్న ఇంకుడుగుంటకు నడిపింపవలయును.

బాట పోసిన తరువాతను కొన్ని విధులు మిగిలియుండును. చూరునీరు అంచున పడకుండ గొట్టముతో కాలువకు చేర్పవలయును. ఇరుప్రక్కల ఒక మీటరు వెడల్పున గరుసు గట్టిపఱచి, తేమ మాఱకుండ కాపాడవలయును. అంచునకు ఆనుకొని పూలమడులు వేసి దినదినము నీరు పోయరాదు. పెద్ద చెట్టును బాట చెంత నాటరాదు. దాని వేళ్లు వేసవిలో నేలనుండి నీరు పీల్చి ఒకచోట మాత్రమే క్రుంగజేయును. ఏటేట వానలకు ముందు కీళ్ల పూతను చూచి, ఊడినచోట మరల పూయవలయును.

మీ యింట ఇట్టి పని తలపెట్టినప్పుడు మేస్త్రిగారిని ముందుగ సిమెంటు ధర అడుగక, ఈ నాలుగు ప్రశ్నలు అడుగుడు: మన మన్ను ఉబ్బునదా? గొయ్యిలో ఏమి నింపుదురు, ఎన్ని పొరలుగ? నీరు ఎటు పోవును? కీళ్లు ఎచ్చట కోయుదురు? వీనికి తృప్తికరమైన ఉత్తరము దొరకునంతవఱకు గడ్డపారను పట్టనీయకుడు. ఈ పని తెలిసిన మేస్త్రి అట్టి ప్రశ్నలకు కోపగింపడు. తన పనిని ఎఱిగినవారు దొరకినందుకు సంతసించును. పైకి కానరాని గరుసునకును కాలువకును పెట్టిన సొమ్ము ఎవరి మెప్పును పొందదు గాని, బాటను నిలుపునది అదియే.